చెట్టు నీడకు తోడొచ్చే మనిషి

ఏ పనీ పెట్టుకోకుండా, ఎవరికోసమూ ఎదురుచూడకుండా, ఊరికే ఒక చెట్టు కింద మీరు కూర్చుని ఎన్నాళ్ళయింది? బస్సు కోసం నిలబడ్డది లెక్కలోకి రాదు. పిల్లాడి స్కూలు వదిలేవేళకు గేటు ముందు వేపచెట్టు నీడలో నిలబడ్డదీ రాదు. కార్తీక వనభోజనాలంటారా... ఆ రోజు పులిహోర గిన్నెలు దింపి, విస్తళ్ళు వేసి, పిల్లలు బావి వైపు పోకుండా కాపలా కాసి, నలుగురితో కలిసి తంబోలా ఆడి ఇల్లు చేరేసరికి నడుం పట్టేస్తుంది. ఉసిరిచెట్టును నిదానంగా చూసిందెవరు?

ఈ మాటే మా వీధిలో కొందరు ఆడవాళ్ళను అడిగాను. ఇద్దరు నవ్వి ఊరుకున్నారు. ఒకావిడ మాత్రం, "ఒక్కదాన్నే చెట్టు కింద కూచుంటే ఊరుకుంటారా? ఇంట్లో ఏమైనా గొడవా అమ్మా అని ముగ్గురొచ్చి అడుగుతారు" అంది. నిజమే! మగవాడు రచ్చబండ మీద పూటంతా కూర్చుంటే అది కాలక్షేపం. ఆడది అరగంట కూర్చుంటే అదో సంగతి. పైగా భయం. ఊరిబయట తోపులోకి ఒంటరిగా వెళ్ళమని మనకెవరైనా చెబుతారా, మనం మన ఆడపిల్లలకు చెబుతామా?

అందుకే, 'అడవి వైద్యం' పేరిట ఆడవాళ్ళకు ఒకరోజు శిబిరం ఉందనీ, దారి చూపడానికి గైడు ఉంటారనీ తెలియగానే నా పేరు, మా వదిన పేరు ఇచ్చేశాను. చోటు నౌపడ దగ్గర. "నౌపడలో అడవెక్కడిది? ఉండేది ఉప్పు కదా!" అన్నారు మావారు. ఆ మాటా అబద్ధం కాదు. సంగతేమిటో తర్వాత చెబుతాను. ముందు అసలు ఈ వైద్యం కథేమిటో చూద్దాం.

అడవిలో స్నానం

1982లో జపాన్ అటవీ శాఖ 'షిన్రిన్ యోకు' అనే మాటను వాడుకలోకి తెచ్చింది. అడవి స్నానం అని అర్థం. నీళ్ళతో కాదు, చెట్ల గాలితో, ఆకుల చప్పుడుతో, మట్టి వాసనతో. కిక్కిరిసిన రైళ్ళలో ఆఫీసులకెళ్ళి రాత్రికి ఇల్లు చేరే నగరవాసులకు కాస్త ఊపిరాడాలన్నది ఒక ఉద్దేశం. అడవితో జనానికి పని ఉంటేనే అడవి నిలుస్తుందన్నది మరో ఉద్దేశం. నాకు ఈ రెండోదే ఎక్కువ నచ్చింది.

పరిశోధనలు తర్వాత వచ్చాయి. టోక్యోలో డాక్టర్ చింగ్ లీ అనే ఆయన 13 మంది ఆస్పత్రి నర్సుల్ని మూడు రోజులు అడవికి తీసుకెళ్ళి, ముందూ వెనకా రక్తపరీక్షలు చేశారు. రోగాలతో పోరాడే ఒక రకం తెల్లరక్తకణాల చురుకుదనం పెరిగిందనీ, ఊరికి తిరిగొచ్చాక కూడా వారానికి పైగా నిలిచిందనీ 2008లో ప్రకటించారు. చెట్లు గాలిలోకి వదిలే ఫైటన్‌సైడ్లు అనే పదార్థాలు ఇందుకు కొంత కారణమని ఆయన అభిప్రాయం. మరో బృందం 24 అడవుల్లో 280 మందితో ప్రయోగం చేసి, నగరంలో నడిచినప్పటికంటే అడవిలో నడిచినప్పుడు నాడి, రక్తపోటు, ఒత్తిడి హార్మోను కార్టిసాల్ తగ్గాయని 2010లో తేల్చింది. ఇవి చిన్న ప్రయోగాలేననీ, పాల్గొన్నవాళ్ళు చాలావరకు ఆరోగ్యవంతులేననీ గుర్తుంచుకోవాలి. 13 మంది నర్సుల రక్తం చూసి అడవికెళితే క్యాన్సర్ తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

నాకు వీటన్నిటికంటే నచ్చింది అంతకుముందు అమెరికాలో రోజర్ ఉల్రిచ్ అనే ఆయన చేసిన పని. పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రికార్డులు తీసి చూశాడాయన. సగంమంది మంచం పక్క కిటికీలోంచి చెట్లు కనిపించేవి, మిగతా సగానికి ఇటుకగోడ. చెట్లు కనిపించినవాళ్ళు సగటున ముప్పాతిక రోజు ముందే ఇంటికెళ్ళారు, గట్టి నొప్పి మందులూ తక్కువ వాడారు. 1984లో ఈ సంగతి అచ్చయింది. మన ఆస్పత్రుల వార్డులు కట్టేవాళ్ళు దీన్ని ఎప్పుడు చదువుతారో!

మన దేశంలో ఉత్తరాఖండ్ అటవీ శాఖ 2021 మార్చిలో రాణీఖేత్ దగ్గర కాలికలో 13 ఎకరాల్లో ఇలాంటి కేంద్రం తెరిచింది. అక్కడ నడవడం, కూర్చోవడం, ఆకాశం కేసి చూడటం, చెట్టును కౌగిలించుకోవడం... ఇవే మందులు.

మరి వీటికి గైడెందుకు? చెట్టు కింద కూర్చోవడం కూడా ఒకరు నేర్పాలా? మాతో వచ్చిన రిటైర్డు టీచరుగారు రైల్లోనే ఈ ప్రశ్న వేశారు. ఫీజు మనిషికి 1,200 రూపాయలాయె. అడగడం న్యాయమే.

ఇద్దరు గైడ్లు

జనవరి చివర్లో ఒక ఉదయం నౌపడ స్టేషన్లో దిగాం. హౌరా-చెన్నై మెయిన్‌లైను మీది జంక్షను అది. గుణుపురం లైను ఇక్కణ్ణుంచే చీలుతుంది. పర్లాకిమిడి రాజావారు వేయించిన పాత బుల్లి రైలుమార్గమది. 2004లో ఆపి, పెద్దలైను చేశారు. ప్లాట్‌ఫారం మీద ఏజెన్సీ నుంచి వచ్చిన ఆడవాళ్ళు కొండచీపుళ్ళ మోపులు దింపుకుని కూర్చున్నారు. మేం ఎక్కడికెళుతున్నామో చెబితే ఒకామె నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వింది. రోజూ అడవికెళ్ళి నెత్తిన మోపుతో దిగేవాళ్ళకు అడవి బతుకుతెరువు. మనం డబ్బిచ్చి వెళుతున్నామంటే నవ్వు రాదూ!

స్టేషన్ దాటాక ఉప్పుమళ్ళు. అప్పుడప్పుడే కొత్త పంటకు మళ్ళు తొక్కి సిద్ధం చేస్తున్నారు. అక్కణ్ణుంచి ఆటోల్లో తేలినీలాపురం. ఇదీ మా 'అడవి'. ఊరి మధ్యా, ఊరి పక్కనా చింతచెట్లు, వాటినిండా గూడబాతులు, రంగురంగుల రెక్కల పెద్ద కొంగలు. మన పేపర్లలో పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు అని రాసేది వీటినే. సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చి గూళ్ళు కట్టి, పిల్లల్ని చేసుకుని, ఎండలు ముదిరేలోగా వెళ్ళిపోతాయి. మేత కోసం చుట్టుపక్కల తంపర భూములకు, చెరువులకు పోతాయి. ఊరివాళ్ళు వీటి రాకను శుభమనుకుంటారు. కొంగల రెట్ట పడి చేలు బలుస్తాయన్నదీ ఉంది.

మాకు ఇద్దరు గైడ్లు. ఒకామె విశాఖ నుంచి మాతోనే వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఈ పద్ధతిలో శిక్షణ పొంది సర్టిఫికెట్ తీసుకుంది. రెండో ఆమె ఆ ఊరిదే. యాభై దాటిన మనిషి, భుజాన తువ్వాలు, చేతిలో కర్ర. గూళ్ళ కాలంలో చెట్లకు కాపలా ఉంటుంది. మా బృందంలో అందరం ఆమెను 'అప్పా' అనే పిలిచాం. మా వైపు అక్కను అలాగే అంటాం మరి.

విశాఖ గైడు మొదట చెప్పిన మాట: "బాత్రూం అదిగో, ఆ పక్కనుంది. మధ్యలో ఎవరైనా వెళ్ళొచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు." మీరు నవ్వుకోవద్దు. ఆడవాళ్ళను ఎక్కడికైనా తీసుకెళ్ళేవాళ్ళు ఈ ఒక్క సంగతి ముందుగా చెబితే సగం ఆందోళన అక్కడే పోతుంది. ఆ భయంతోనే గదా పొద్దుటి నుంచి మంచినీళ్ళు తాగకుండా ప్రయాణాలు చేస్తాం! తర్వాత సెల్‌ఫోన్లన్నీ గుడ్డసంచిలో వేయించింది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళెవరు, బీపీ మాత్రలు వేసుకున్నారా, తేనెటీగ కుడితే ఎవరికైనా పడదా అని ఒక్కొక్కరినీ అడిగి కాగితం మీద రాసుకుంది. "ఇవాళ మనం కిలోమీటరు కూడా నడవం" అని చెప్పింది.

అప్ప చెప్పిన మొదటి మాట వేరు. "ఎర్రచీరమ్మా, ఈ తువ్వాలు కప్పుకోండి. గూడు కింద నిలబడకండి. చప్పట్లు కొట్టకండి. తల్లి జడిసి నెగిసిందంటే కాకి గుడ్డు తినేత్తాది."

ఒకరు మా క్షేమం చూశారు, ఇంకొకరు చెట్టు మీదివాళ్ళ క్షేమం చూశారు. గైడు పని ఈ రెండూ కలిస్తేనే పూర్తవుతుందని నాకనిపించింది.

ఇరవై నిమిషాలు

పద్ధతి పెద్దగా ఏమీ లేదు. ముందు కళ్ళు మూసుకుని నిలబడమంది. ఏం వినిపిస్తోంది, గాలి ఏ చెంపకు తగులుతోంది అని ఒక్కో ప్రశ్న వేసి, జవాబు చెప్పనివ్వలేదు. తర్వాత నత్తనడక. కదిలేవాటిని మాత్రమే చూడమంది. ఆ తర్వాత ఎవరికి నచ్చిన చోట వాళ్ళు, ఒకరికొకరు దూరంగా, ఇరవై నిమిషాలు కూర్చోవడం. చివర్లో గుండ్రంగా చేరి, ఇష్టముంటే ఒక మాట చెప్పి, తేనీరు తాగడం. ప్రపంచంలో ఈ గైడ్లు చాలామంది పాటించే వరస ఇదేనట. 2012లో అమెరికాలో ఆమోస్ క్లిఫర్డ్ అనే ఆయన ఇలాంటి గైడ్లకు శిక్షణ ఇచ్చే సంఘం పెట్టాడు. బాగు చేసేది అడవే, గైడు తలుపు తీసి పక్కకు తప్పుకోవాలి అన్నది వాళ్ళ నమ్మకం.

కూర్చున్న మొదటి అయిదు నిమిషాలు నా బుర్రలో పాలపాకెట్లు, గ్యాస్ బండ, పెద్దవాడి ఫీజు. ఇక వాసన సంగతి... అడవి వైద్యమంటే పరిమళాలనుకున్నాను గానీ, వందల కొంగలు కాపురమున్న చెట్టు కింద చేపల బజారు వాసన వస్తుందని ఎవరూ చెప్పలేదు. పదో నిమిషానికి ముక్కు అలవాటు పడింది. అప్పుడు వినిపించడం మొదలైంది. పెద్ద గూడబాతులు దాదాపు మాట్లాడవు. గోలంతా పిల్లలదే. కొంగలేమో ముక్కులు టకటకలాడిస్తాయి. ఒక తల్లి వచ్చి వాలి నోరు తెరిస్తే, పిల్ల ఏకంగా తలంతా దాని గొంతులోకి దూర్చేసింది. ఆ తల్లి కళ్ళు మూసుకుని నిలబడింది. ఎంతసేపు చూశానో నాకు తెలియదు.

అప్పుడే కుడివైపు నుంచి ఏడుపు వినిపించింది. మా వదిన!

మా అన్నయ్య పోయి ఎనిమిది నెలలయింది. కర్మకాండలు ముగిసింది మొదలు ఆవిడ కంట నీరు పెట్టలేదు. "ఎంత నిబ్బరం!" అని చుట్టాలంతా మెచ్చుకున్నారు. రాత్రుళ్ళు నిద్రమాత్ర లేకుండా పడుకోలేదని ఇంట్లో మాకు తెలుసు. నేను లేవబోయాను. విశాఖ గైడు దూరం నుంచే వద్దన్నట్టు చెయ్యి చూపింది. తనూ దగ్గరకు వెళ్ళలేదు. కన్నీళ్ళు తుడవలేదు, వీపు నిమరలేదు, "ఊరుకోండమ్మా" అనలేదు. మన ఇళ్ళల్లో ఎవరైనా ఏడిస్తే ఊరుకోబెట్టడానికి నలుగురు సిద్ధం. ఏడవనివ్వడానికి ఎవరూ ఉండరు.

అప్ప మాత్రం మెల్లగా వెళ్ళి, వదినకు నాలుగు బారల దూరంలో, అటు తిరిగి కూర్చుంది. కర్రతో నేల మీద గీతలు గీస్తూ ఉండిపోయింది. ఎంతసేపటికో వదినే గొంతు సవరించుకుని, "ఆ చివరి కొమ్మ మీద పిల్ల పడిపోదా?" అని అడిగింది.

"పడతాది. పడితే తీసి చూత్తాం. బతికితే బతుకుతాది" అంది అప్ప. "తుపానుకైతే చెట్లే పడిపోనాయి గదమ్మా. ఆయేడు పురుడుకొచ్చిన ఆడపిల్లలకి పుట్టిల్లు కూలిపోనట్టయింది."

ఆమె చెప్పింది తిత్లీ తుపాను గురించి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానం కొబ్బరి, జీడితోటల్ని నేలమట్టం చేసింది. తేలినీలాపురం చెట్లూ కూలాయి. పక్షులొచ్చి గూళ్ళు కట్టే రోజులవి. ఆ తర్వాత 2021 చివర, 2022 మొదట్లో వందకు పైగా గూడబాతులు ఒక్కొక్కటే చెట్ల మీంచి రాలిపోయాయి. కడుపులో చేరిన నులిపురుగులే కారణమని పశువైద్యులు తేల్చారు. ఇలాంటివి ముందుగా కంటబడేది రోజూ ఆ చెట్ల కింద తిరిగేవాళ్ళకే. తంపర సంగతి చెప్పనే అక్కర్లేదు. కాకరాపల్లి థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్న ఉద్యమంలో 2011 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. మూలపేట ఓడరేవుకు 2023 ఏప్రిల్లో శంకుస్థాపన అయింది. ఆ పక్షులు తినే చేప ఎక్కణ్ణుంచి రావాలో, ఆ నీళ్ళ భవిష్యత్తు ఎలా ఉంటుందో అప్పకు పట్టకుండా ఉంటుందా? మేం ఒక పూట మనశ్శాంతికి వచ్చాం. ఆమె ఆ చోటుతోనే ఉంటుంది.

తెలిసినంతే చెప్పడం

గుండ్రంగా కూర్చున్నప్పుడు బ్యాంకులో పనిచేసే అమ్మాయి, "ఇవి సైబీరియా నుంచి వస్తాయట కదా?" అని అడిగింది. ఈ మాట మనమంతా చిన్నప్పటి నుంచి వింటున్నదే. అప్ప నవ్వి, "అందరూ అలాగే అంటారు. పుస్తకం సదివిన బాబొకడు కాదన్నాడు. నాకు తెలిసింది ఈ చెట్టుకాడి నుంచే" అంది. ఆ బాబు చెప్పిందే సరి. మనం చూసే ఈ మచ్చల ముక్కు గూడబాతు దక్షిణాసియా పక్షే. సైబీరియా మంచుతో దానికి పనిలేదు. కానీ నన్నాకట్టుకున్నది ఆ జవాబు చెప్పిన తీరు. వచ్చినవాళ్ళు సంతోషపడతారని కథలల్లే గైడ్లను నేను పుణ్యక్షేత్రాల్లో, కోటల్లో చాలామందిని చూశాను.

విశాఖ అమ్మాయికీ అంత నిజాయితీ ఉంది. తిరుగు ప్రయాణంలో వదిన, "ఇంక ఆ నిద్రమాత్రలు మానేస్తాను" అంటే, "వద్దండీ. మీ డాక్టరును అడక్కుండా ఒక్కటీ మానొద్దు. నేను డాక్టరును కాను" అని గట్టిగా చెప్పింది. దిగులు ఎక్కువై ఎవరితో చెప్పుకోవాలో తెలియనప్పుడు చెయ్యమని 14416 నంబరు రాసిచ్చింది. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరది. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు. వైద్యం అనే మాటను పేరులో పెట్టుకున్నవాళ్ళకు, తమ వైద్యం ఎక్కడిదాకా పనిచేస్తుందో తెలిసి ఉండటం చాలా అవసరం. లేకపోతే రేపు ప్రతి రిసార్టులోనూ చెట్టుకు బోర్డు తగిలించి ఫీజు గుంజుతారు.

ఫీజంటే గుర్తొచ్చింది. సాయంత్రం అప్ప చేతిలో పెట్టింది 300 రూపాయలు. తొమ్మిదిమందిమి తలా 1,200 కట్టాం. లెక్క మీరే వేసుకోండి. రిటైర్డు టీచరుగారు ఊరుకోలేదు. "అమ్మాయ్, నువ్వు నేర్చుకున్న చదువుకు విలువ కట్టావు, బాగుంది. ఆమె నేర్చుకున్నదానికి కట్టవా?" అని సూటిగా అడిగారు. ఆ అమ్మాయి ఆటోల ఖర్చు, భోజనాలు, రైలు టికెట్లు వివరంగా చెప్పింది. దాచలేదు. అయినా నాకు టీచరుగారి మాటే సబబనిపించింది. మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితులకే అడవిలోని బసల నిర్వహణ అప్పగించారు. వచ్చిన డబ్బు అక్కడివాళ్ళకు చేరేలా ఏర్పాటు చేయాలంటే దారులున్నాయి. వచ్చే శిబిరం నుంచి ఊరి గైడుకు రుసుములో వాటా ఇవ్వాలని అక్కడే మాటయింది. జరుగుతుందో లేదో కనిపెట్టి ఉండే బాధ్యత టీచరుగారు తీసుకున్నారు. ఆవిడ వదిలే రకం కాదు.

అప్ప ఆ 300 కొంగున ముడేసుకుంటూ, "డబ్బుకేటమ్మా, వత్తాది పోతాది. ఆ ఏడిసిన అమ్మని మార్చి లోపల ఇంకోపాలి తీసుకురండి. తరవాతైతే పచ్చులుండవు" అంది.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒకటి రెండు మాటలు. శ్రీకాకుళం నుంచి రైల్లో అయితే నౌపడలో, బస్సులో అయితే టెక్కలిలో దిగితే అక్కణ్ణుంచి తేలినీలాపురానికి ఆటో దొరుకుతుంది. వాచ్ టవర్ ఉంది, పక్షుల గురించి చెప్పే చిన్న కేంద్రమూ ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో గూళ్ళలో పిల్లలుంటాయి. పొద్దున్నే వెళ్ళండి. ఊరివాళ్ళెవరినైనా తోడు రమ్మని, ఎంతివ్వాలో ముందే మాట్లాడుకోండి. బేరమాడకండి. గోధుమరంగో, ఆకుపచ్చో నెమ్మదైన రంగు చీర కట్టుకోండి, తలకు ఒక టోపీయో కొంగో ఉండాలి. పైన కాపురమున్నవాళ్ళకు కింద మనమున్నామన్న పట్టింపు బొత్తిగా లేదు!